నోటు మీది మాట



మన గోదావరి డెల్టా గ్రామములలో నోటు అను మాటకు రెండు అర్థములు గలవు. అంగడిలో ఇచ్చి పుచ్చుకొను కాగితపు డబ్బు ఒక నోటు. అప్పు తీసికొన్నవాడు స్టాంపు అంటించి, దాని మీద సంతకము చేసి, అడిగిన దినమున చెల్లించెదనని వ్రాసి యిచ్చు ప్రోనోటు మరియొక నోటు. ఈ రెండును వేరు వేరు వస్తువులని మనము తలంచుచుందుము. నిజమునకు ఆ రెండును ఒక్కటే. ఒక పది రూపాయల నోటును చేతిలోనికి తీసికొని వెలుగునకు పట్టి చూడుడి. దాని మీద రిజర్వు బ్యాంకు గవర్నరుగారి సంతకము ఉండును. దీనిని తెచ్చినవానికి పది రూపాయలు చెల్లించెదనను వాగ్దానమును ఉండును. కేంద్ర ప్రభుత్వము దానికి పూచీ యున్నదని కూడ వ్రాయబడియుండును. వెనుకవైపున ఉన్న చిన్న అక్షరముల వరుసలో మన తెలుగు అక్షరములును కనబడును. అనగా మన జేబులోనున్న ప్రతి నోటును ప్రభుత్వము ప్రజలకు వ్రాసి యిచ్చిన ప్రోనోటే.

ప్రోనోటు వ్రాసినవాడు దానిని తానే కొట్టివేయవచ్చునా? కొట్టివేయక తప్పని కారణమున్నయెడల ఏ విధముగా కొట్టివేయవలెను? ఈ ప్రశ్న మన దేశమునకు ఒకసారి కాదు, మూడుసార్లు వచ్చినది: 1946లో, 1978లో, 2016లో. నరసాపురము వంటి పట్టణములో నివసించు క్రైస్తవునికి ఈ చరిత్రతో ఏమి పని యని మీరనవచ్చును. డబ్బును గూర్చి మన ప్రభువు మాటలాడినంతగా మరి ఏ బోధకుడును మాటలాడలేదు గనుక మనకు పని యున్నది. దయచేసి ఓపికతో వినుడి.

పాత రేవు, పాత నాణెములు

నరసాపురము వశిష్ఠ గోదావరి ఒడ్డున సముద్రమునకు సమీపమున నున్న పాత రేవు పట్టణము. పదునేడవ శతాబ్దములో ఇక్కడ ఓడలు కట్టెడివారు. ప్రక్కనున్న పాలకొల్లులో డచ్చివారును, నరసాపురమునకు ఆనుకొనియున్న మాధవాయపాలెములో ఇంగ్లీషువారును వర్తకశాలలు పెట్టుకొనిరి. ఆ కాలములో ఒక్క తీరుననే నాణెములు చెలామణి కాలేదు. వరహాలు, రూపాయలు, రూకలు, కాసులు అన్నియు కలిసి తిరిగెను. అందువలన షరాబు లేనిదే వ్యాపారము సాగెడిది కాదు. షరాబు నాణెమును రాతి మీద గీసి, త్రాసులో తూచి, వట్టము తీసికొని మార్చెడివాడు. షరాబు నీతిపరుడైతే బీదవాడు బ్రదుకును; త్రాసు మోసమైతే బీదవాని కూలిలో కొంత భాగము అక్కడనే పోవును.

1818లో మద్రాసు ప్రభుత్వము వరహాను ప్రక్కకు పెట్టి వెండి రూపాయిని ప్రమాణముగా చేసెను. వరహాకు మూడున్నర రూపాయలు లెక్క. అదియు ఒక విధమైన రద్దే. అయితే ఒక భేదమును గమనించుడి. రాజు మారినను, ముద్ర మారినను, బంగారు వరహాలోని బంగారము బంగారమే. దానిని కరగించి అమ్ముకొనవచ్చును. కాగితమునకు అట్టి బలము లేదు. 1861 నాటి చట్టము ప్రకారము భారత ప్రభుత్వము తానే నోట్లు వేయ మొదలుపెట్టెను; 1935 నుండి రిజర్వు బ్యాంకు ఆ పనికి వచ్చినది. అప్పటినుండి మన చేతిలోనిది లోహము కాదు, మాట. మాట నిలిచినంతవరకే దానికి విలువ.

మాటను నమ్ముకొని జీవించుట యనగా ఏమో మన సంఘ చరిత్రలోనే మనకు మాదిరి యున్నది. 1836లో ఆంథొని నారిస్ గ్రోవ్సుగారి పిలుపు విని, విలియం బౌడనుగారును జార్జి బీరుగారును తమ భార్యలతో కూడ ఇంగ్లండు దేశపు బార్న్‌స్టేపులు ఊరి నుండి ఈ గోదావరి ప్రాంతమునకు బయలుదేరిరి. వారు పెద్ద చదువులు చదివినవారు కారు. చేతిపని చేసి బ్రదికినవారు. నెలకింత జీతమని ఎవరితోను ఒప్పందము లేకుండ, దేవుని మాటనే పూచీగా ఎంచుకొని వచ్చిరి. ఆ మాట తప్పలేదు. నరసాపురములోను పాలకొల్లులోను నేడు నిలిచియున్న సంఘములే అందుకు సాక్ష్యము.

మనుష్యుల మాట తప్పినప్పుడు

మాట తప్పిన నోటు ఎట్లుండునో మనవారిలో కొందరు పరదేశములో చూచిరి. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు గోదావరి జిల్లాల నుండి వేలకొలది జనులు పొట్టకూటికై బర్మాకు పోయి, రంగూను రేవులోను బియ్యపు మిల్లులలోను కూలిపని చేసిరి. 1942లో జపానువారు ఆ దేశమును పట్టుకొనినప్పుడు లక్షలకొలది భారతీయులు కొండల మీదుగా, అడవుల మీదుగా కాలినడకను తిరిగి వచ్చిరి. అక్కడనే నిలిచిపోయినవారికి జపాను సైన్యము అచ్చువేసిన రూపాయి నోట్లే దిక్కాయెను. 1945లో బ్రిటిషువారు తిరిగి వచ్చి ఆ నోట్లు చెల్లవని ప్రకటించిరి. మూడేండ్లు మూటలు మోసి సంపాదించిన కూలి ఆ దినమున చిత్తుకాగితమాయెను. నోటు వేసినవాడు ఓడిపోయి వెళ్లెను. వచ్చినవాడు ఆ అప్పు తనది కాదనెను. మధ్యనున్న కూలివాడు ఎవరిని అడుగవలెను?

1946: కోటీశ్వరుల నోట్లు

ఆ యుద్ధకాలములోనే మన దేశములో దొంగవ్యాపారము విరివిగా పెరిగెను. బియ్యము, గుడ్డ, కిరసనాయిలు దొరకక సామాన్యులు అల్లాడుచుండగా, వాటిని దాచి అధిక ధరలకు అమ్మినవారు పన్ను ఎగవేసి పెద్ద నోట్లు కూడబెట్టిరి. అప్పుడు ప్రభుత్వము 1946 జనవరి 12న, శనివారమున, 500, 1,000, 10,000 రూపాయల నోట్లు ఇకమీదట చెల్లవని ఆర్డినెన్సు చేసెను. నోటు తెచ్చినవాడు అది తనకు ఎట్లు వచ్చెనో కాగితము మీద వ్రాసి యియ్యవలసి యుండెను. అప్పటి రిజర్వు బ్యాంకు గవర్నరు సి. డి. దేశముఖుగారికి ఈ పని వలన గొప్ప ఫలము వచ్చునను నమ్మకము లేకుండెను. చివరకు జరిగిన దేమనగా, సుమారు 144 కోట్ల రూపాయల విలువగల నోట్లలో 135 కోట్లు తిరిగి వచ్చెను. తొమ్మిది కోట్లు మాత్రమే రాలేదు. దొంగసొమ్ము గలవారిలో అనేకులు ఏదో ఒక దారిని మార్చుకొనిరన్న మాట.

అయినను ఆనాటి ఆజ్ఞను గూర్చి ఒక మేలైన మాట చెప్పవలెను. అది బీదవానిని తాకలేదు. 1950–51లో ప్రభుత్వము వ్యవసాయ కూలీలను గూర్చి విచారణ జరిపినప్పుడు, దేశము మొత్తము మీద ఒక కూలీ కుటుంబపు సంవత్సరాదాయము సగటున 447 రూపాయలని తేలెను. అనగా కుటుంబమంతయు ఒక సంవత్సరము చెమటోడ్చినను ఒక్క 500 రూపాయల నోటు చేతికి రాదు. అట్టి నోటు పోయినదని వరిచేలో నాట్లు వేయు స్త్రీకి తెలియనైన తెలియదు. ఆమె లోకమంతయు అణాలు, బేడలు, కాణీలు.

1954లో ప్రభుత్వము 1,000, 5,000, 10,000 రూపాయల నోట్లను తిరిగి తెచ్చెను. 1978 జనవరి 16న, మొరార్జీ దేశాయిగారు ప్రధానమంత్రిగా నున్నప్పుడు, ఆ మూడింటిని మరల రద్దుచేసిరి. ఈసారి 146 కోట్ల రూపాయల నోట్లకు గాను ఇరువది కోట్లకు పైగా తిరిగి రాలేదు. ఆనాటి రిజర్వు బ్యాంకు గవర్నరు ఐ. జి. పటేలుగారు, అక్రమ ధనము గలవారు దానిని నోట్ల రూపముననే దాచియుంచుదురను తలంపు సరికాదని తరువాతి కాలమున వ్రాసిరి. అది నిజమే కదా. లంచపు సొమ్ము భూమిగా మారును, బంగారముగా మారును, బంధువుల పేరిట మేడగా మారును. నోటు దాని బాటసారి మాత్రమే, ఇల్లు కాదు. అయినను 1978లో కూడ పల్లెలోని బీదవాడు కదలలేదు. వెయ్యి రూపాయల నోటు అతని గడప తొక్కలేదు గనుక.

2016: నోటు మన ఇంటికి వచ్చిన తరువాత

ఆ తరువాత నలువది సంవత్సరములలో రూపాయి విలువ తగ్గెను. పెద్ద నోటు మెల్లమెల్లగా చిన్న నోటు ఆయెను. 2016–17లో మన రాష్ట్రములో ఉపాధి హామీ పథకపు దినకూలి 194 రూపాయలు. ఆ లెక్కను 500 రూపాయల నోటు మూడు దినముల కూలికైనను సరిపోదు. 1946లో సంవత్సరాదాయమును మించిన నోటు 2016 నాటికి వారపు సంతలో బియ్యము, ఉప్పు, పప్పు కొనే నోటు ఆయెను. పేరు మారలేదు, అంకె మారలేదు. దానిని పట్టుకొన్న చెయ్యి మారినది. చదువరులారా, ఈ వ్యాసములో మీరు జ్ఞాపకముంచుకొనవలసిన సంగతి ఇదియే.

2016 నవంబరు 8, మంగళవారము రాత్రి 8 గంటలకు ప్రధానమంత్రి నరేంద్ర మోదీగారు, ఆ అర్ధరాత్రి నుండి 500, 1,000 రూపాయల నోట్లు చెల్లవని ప్రకటించిరి. నల్లధనమును, దొంగనోట్లను, ఉగ్రవాదులకు పోవు ధనమును అరికట్టుటకే యని కారణము చెప్పిరి. ఈ కారణములు తేలికైనవి కావు. మన రాష్ట్ర ముఖ్యమంత్రి నారా చంద్రబాబు నాయుడుగారు కూడ అంతకు ముందు నెలలోనే ఈ నోట్లను తీసివేయుమని ప్రధానమంత్రికి ఉత్తరము వ్రాసియుండిరి. ఎన్నికల రాత్రులలో ఓటునకు ఇంత అని పంచబడు నోట్లను మన డెల్టాలో చూడనివారెవరు?

అయితే ఆ రెండు నోట్లును దేశములో చెలామణి యగు డబ్బు విలువలో నూటికి 86 వంతులు. వాటి స్థానములో ఇయ్యవలసిన క్రొత్త నోట్లు సిద్ధముగా లేవు. క్రొత్తగా వచ్చిన 2,000 రూపాయల నోటు కొలత వేరు గనుక ఏటియెం యంత్రములను ఒక్కొక్కటిగా సరిచేయవలసి వచ్చెను. ఆ నోటు దొరికినవానికి చిల్లర దొరకలేదు. బ్యాంకు గుమ్మమునొద్ద మార్చుకొను మొత్తము మొదట 4,000 రూపాయలు, తరువాత 4,500, ఆ తరువాత 2,000 ఆయెను. ఒకడే మరల మరల రాకుండ వ్రేలికి సిరా పూసిరి. నవంబరు 24 తరువాత ఆ మార్పిడి బొత్తిగా నిలిపివేసి, పాత నోట్లను ఖాతాలో వేసికొనుటకు మాత్రము డిసెంబరు 30 వరకు గడువునిచ్చిరి. వరుసలలో నిలువబడియే ప్రాణము విడిచినవారి వార్తలును పత్రికలలో వచ్చెను.

నవంబరు మాసము మన డెల్టాకు ఎట్టిదో మీకు తెలియును. అది సార్వా కోతల కాలము. కోసినవారికి, కట్టలు కట్టినవారికి, నూర్చినవారికి ఏ దినపు కూలి ఆ దినమే ఇయ్యవలెను. కోత ముగియకముందే దాళ్వా నారుమడికి విత్తనము కావలెను. రైతుకు అప్పులు, పొదుపులు అన్నియు ఊరి సహకార సంఘములోనే. అయితే నవంబరు 14న రిజర్వు బ్యాంకు, జిల్లా సహకార కేంద్ర బ్యాంకులు పాత నోట్లను తీసికొనరాదని ఉత్తరువు చేసెను. అక్రమ ధనము ఆ దారిని మారునను భయము దానికి కారణము. ఆ భయము నిరాధారమని చెప్పలేము. కాని పల్లెటూరివాడు ఎరిగిన ఒక్క తలుపు మూయబడినది. చేపల చెరువులమీదను, రొయ్యల చెరువులమీదను పనిచేయు కూలీలు, బియ్యపుతిప్ప వైపు సముద్రములో వలవేయు బెస్తలు, నరసాపురము రేవునొద్ద సఖినేటిపల్లికి పోవు పంటు కొరకు నిలిచినవారు, ఎవరి చేతిలో చూచినను చెల్లని నోటే గాని చిల్లర లేదు.

మన లేసు పని స్త్రీలను ప్రత్యేకముగా జ్ఞాపకము చేయవలెను. మిషను దొరసానులు పందొమ్మిదవ శతాబ్దములో బీద స్త్రీల జీవనమునకై ఈ ప్రాంతములో నేర్పిన పని నేడు నరసాపురము పేరును దేశదేశములకు తీసికొనిపోవుచున్నది. 2024లో నరసాపురము లేసునకు భౌగోళిక గుర్తింపు కూడ వచ్చెను. అయినను ఆ పని చేయు స్త్రీల కూలి అతి స్వల్పము. జర్మను పండితురాలు మరియా మీస్‌గారు 1982లో ప్రకటించిన గ్రంథములో, గంటలకొలది సూది త్రిప్పు ఈ స్త్రీలను జనాభా లెక్కలు పని చేయువారిగా ఎంచక ఇంటి ఆడవారని వ్రాసికొనుటను చూపించిరి. ఎవరి లెక్కలోను లేని ఈ స్త్రీలు దారపు కండె వెంట కండె అల్లి, వచ్చినదానిలో కొంత పోపుల డబ్బాలో దాచుకొందురు. పిల్లవాని ఫీజుకో, కూతురి పురిటికో, భర్త త్రాగుడునకు చిక్కకుండ ఉంచిన సొమ్ము అది. అది నల్లధనము కాదు. కన్నీటితో తెల్లగా కడిగిన ధనము. గృహిణులు ఖాతాలో వేయు రెండున్నర లక్షల రూపాయల వరకు ప్రశ్నింపమని ప్రభుత్వము చెప్పినది. మంచిమాటే. అయితే ఆ డబ్బాను అందరి యెదుట తెరువవలసి వచ్చుటయే అనేకమంది స్త్రీలకు శిక్ష ఆయెను.

కువైటునకును మస్కటునకును ఇంటిపనికి పోయిన మన జిల్లా స్త్రీలను కూడ మరువరాదు. దేశములో లేనివారికి 2017లో మరికొన్ని నెలలు గడువు ఇచ్చిరి. కాని మార్చుకొనుటకు ముంబయి, ఢిల్లీ, చెన్నై, కలకత్తా, నాగపూరు రిజర్వు బ్యాంకు కార్యాలయములకే పోవలెను. హైదరాబాదు ఆ పట్టికలో లేదు. నాలుగు నోట్ల కొరకు నరసాపురము నుండి చెన్నైకి పోయివచ్చు ఖర్చు ఎవరు భరింతురు?

ఫలితమేమి?

రద్దుచేసిన 15.41 లక్షల కోట్ల రూపాయలలో 15.31 లక్షల కోట్లు తిరిగి బ్యాంకులకు వచ్చెనని రిజర్వు బ్యాంకు 2018లో ప్రకటించెను. నూటికి 99 వంతులకు పైగా వచ్చినట్లే. 2016 నవంబరు మొదట సుమారు 18 లక్షల కోట్లుగా నున్న నోట్ల చెలామణి 2022 నాటికి 30 లక్షల కోట్లను మించెను. మరియొక ప్రక్క ఆదాయపు పన్ను లెక్కలు దాఖలు చేయువారి సంఖ్య పెరిగెను. ఫోనుతో డబ్బు పంపుకొనుట పల్లెటూరి కూరగాయల బండి వరకు వచ్చెను. ఇవి మేలులే. ముఖ్యమంత్రుల సంఘమునకు అధ్యక్షులై నగదు లేని చెల్లింపులను ప్రోత్సహించు భారము వహించిన చంద్రబాబు నాయుడుగారే, నలువది దినములు దాటిన తరువాత కూడ ప్రజల ఇబ్బందులు తీరలేదని బహిరంగముగా చెప్పిరి.

2017లో పార్లమెంటు ఒక చట్టము చేసి, ఆ పాత నోట్ల మీద రిజర్వు బ్యాంకు బాధ్యతను, కేంద్ర ప్రభుత్వపు పూచీని తుడిచివేసెను. పది నోట్లకు మించి ఉంచుకొనుట నేరమాయెను. సుప్రీం కోర్టులో ఐదుగురు న్యాయమూర్తుల ధర్మాసనము 2023 జనవరి 2న తీర్పు చెప్పినప్పుడు, నలుగురు ఈ రద్దు చట్టబద్ధమే యనిరి. న్యాయమూర్తి బి. వి. నాగరత్నగారు ఒక్కరు, ఇంత గొప్ప కార్యము ప్రభుత్వ ప్రకటనతో కాక పార్లమెంటు చేయు శాసనముతో జరుగవలసినదని వేరుగా వ్రాసిరి. తీర్పును మనము గౌరవింపవలెను. అయితే చట్టబద్ధమైనదెల్ల ప్రేమకు తగినదగునా యను ప్రశ్న న్యాయస్థానము తీర్చునది కాదు. అది మనస్సాక్షి తీర్చవలసినది.

నోటును నెమ్మదిగా తీసివేయు దారి లేకపోలేదు. 1957 ఏప్రిలు 1న నయా పైసలు వచ్చినప్పుడు అణాలు ఒక్క రాత్రిలో చావలేదు. కొన్ని యేండ్లు రెండును కలిసి తిరిగెను. 2023 మే 19న 2,000 రూపాయల నోటును ఉపసంహరించునప్పుడు కూడ రిజర్వు బ్యాంకు, నోటు చెల్లుచునే యుండునని చెప్పి, బ్యాంకులలో మార్చుకొనుటకు నాలుగు మాసములకు పైగా గడువు నిచ్చెను. ఆ తరువాత కూడ తన కార్యాలయములలో తీసికొనెను. ఈసారి హైదరాబాదు వాటిలో నుండెను. 3.56 లక్షల కోట్ల రూపాయల నోట్లలో నూటికి 98కి పైగా తిరిగి వచ్చెను. పల్లెలలో కలవరము లేదు. పని ఒక్కటే, పద్ధతి వేరు.

త్రాసు ఎవరి చేతిలో?

లేఖనములు ఈ విషయమున మనకు మూడు కొలతలు ఇచ్చుచున్నవి. మొదటిది, కారణము నీతిగలదై యుండవలెను. మోసపు తూనికలను, చిన్న కుంచమును లేవీయకాండమును ద్వితీయోపదేశకాండమును ఖండించుచున్నవి. దొంగ లెక్కలను అరికట్టుటకు పాలకుడు చెయ్యి చాపుట తప్పు కాదు. అది అతని విధి. నాణెము మీద ఎవరి బొమ్మ యున్నదని అడిగిన మన ప్రభువు, పన్ను ఎగవేయువాని పక్షము వహింపలేదు.

రెండవది, సమయమును సిద్ధపాటును ఉండవలెను. ఐగుప్తులో కరవు రాకముందే యోసేపు ఏడు సంవత్సరములు ధాన్యము కొట్లలో నింపెను. ఉన్నదానిని తీసివేయుటకు ముందు ఇయ్యవలసినదానిని సిద్ధపరచుట జ్ఞానము. రహస్యము లేనిదే దొంగ చిక్కడని కొందరందురు. ఆ మాటలో కొంత నిజము లేకపోలేదు. కాని వల వేసినప్పుడు సొరచేపలు తప్పించుకొని చిన్న చేపలే చిక్కినయెడల, జాలరి వలను పరీక్షించుకొనవలదా?

మూడవది, అందరికంటె అల్పుని మీద పడు భారమెంతో చూడవలెను. కూలివాని కూలి ప్రొద్దు గ్రుంకకముందే ఇయ్యవలెనని మోషే ఆజ్ఞాపించెను. ఏలయనగా వాని ప్రాణము దాని మీదనే యున్నది. ధనవంతునికి పది దినముల ఆలస్యము లెక్కలో ఒక గీత. కూలివానికి అది పది పూటల పస్తు. ఒక్క ఆజ్ఞ ఇద్దరికిని సమానముగా వర్తించినను, బాధ ఇద్దరికిని సమానము కాదు. దేవాలయములో ధనవంతులు వేసిన మొత్తములను ప్రక్కకు పెట్టి, విధవరాలి రెండు కాసులను ప్రభువు లెక్కించెను. మన పాలకులును, మనమును డబ్బును ఆ లెక్కను చూడ నేర్చుకొనవలెను.

మన ఇంటి లెక్క

ప్రియులారా, పాలకుల తప్పులను లెక్కించుట సులభము. ఆ నవంబరు, డిసెంబరు మాసములలో మన గ్రామములలో ఏమి జరిగెనో మీరే ఆలోచించుకొనుడి. పరుల సొమ్మును తమ ఖాతాలో వేసి, నూటికి ఇంతయని కమీషను పుచ్చుకొన్నవారు లేరా? చెల్లని నోట్లనే పాలేరులకును కూలీలకును కూలిగా అంటగట్టి, మార్చుకొనుటకు వారిని వరుసలో నిలిపిన యజమానులు లేరా? ఇంటిలో మిగిలిపోయిన పాత నోటును తుదకు చందా పెట్టెలో వేసి, దేవునికి ఇచ్చితిమని తలంచినవారు లేరా? కుంటిదానిని, గ్రుడ్డిదానిని బలిగా తెచ్చినవారిని మలాకీ ప్రవక్త గద్దించిన గద్దింపు వారికిని చెందును. అధికారికి ఇయ్యలేని కానుకను దేవునికి ఇచ్చుట ఏపాటి భక్తి?

నల్లధనము ఎక్కడ పుట్టుచున్నది? ఢిల్లీలో మాత్రమే కాదు. స్థలము కొనునప్పుడు దస్తావేజులో ఒక ధర, చేతిలో ఒక ధర పెట్టుచోట పుట్టుచున్నది. పెండ్లిలో కట్నము మూటగట్టుచోట పుట్టుచున్నది. ఓటును అమ్ముకొని మరునాడు ప్రార్థనకు వచ్చుచోట పుట్టుచున్నది. దేశములోని పెద్ద నోట్లన్నియు తీసివేసినను, ఈ హృదయపు నోటును ఎవరు రద్దుచేయుదురు? అది పశ్చాత్తాపముచేత మాత్రమే రద్దగును.

ఇదే కాలములో మంచి మాదిరియు కనబడినది. కేరళలో ఎర్నాకుళము సమీపమున తేవక్కల్ అను చోటనున్న సెయింట్ మార్టిన్ డి పోరస్ దేవాలయమువారు 2016 నవంబరులో తమ కానుక పెట్టెలను తెరచి, చిల్లర అవసరమున్నవారు కావలసినంత తీసికొని, చేతనైనప్పుడు తిరిగి వేయవచ్చునని చెప్పిరి. కాపలా లేదు, ప్రోనోటు లేదు, సంతకము లేదు. పొరుగువాని మాటనే పూచీగా అంగీకరించిరి. ప్రభుత్వపు నోటు చెల్లకుండ పోయిన దినములలో సంఘపు నమ్మకము చెల్లుబాటైన నాణెముగా నిలిచినది. మన సంఘ పెద్దలు దీనిని జాగ్రత్తగా ఆలోచింతురు గాక. రేపు మరియొక రద్దు రావచ్చును, వరద రావచ్చును, తుపాను రావచ్చును. ఆ దినమున మన పెట్టెకు తాళము వేయుదుమా, తెరతుమా? ఫోను లేని ముసలివారికి, ఖాతా లేని విధవరాలికి, బ్యాంకు కాగితము చదువలేని బెస్తవానికి ప్రక్కన నిలువబడుటకు యౌవనస్థులలో ఎవరిని ఇప్పుడే ఏర్పరచుకొందుము?

తన మాట నిలుపుకొనుటకై నష్టమునైనను సహించువాడే దేవుని గుడారములో నివసింప తగినవాడని 15వ కీర్తన మనకు బోధించుచున్నది. ప్రభుత్వములకు ఇది ఉన్నతమైన కొలత. మనకును అదే కొలత. నీవు వ్రాసి యిచ్చిన ప్రోనోటు ఏదైన పెట్టెలో నిలిచియున్నదా? నీ పొలములో కోసిన స్త్రీకి ఇంకను కూలి ఇయ్యవలసియున్నదా? లేసు అల్లినదాని లెక్కలో దారము తగ్గెనని కూలి కోసితివా? ఈ దినమే, ప్రొద్దు గ్రుంకకముందే, పోయి చెల్లించుము. నీవు మాట నిలుపుకొనుటను చూచి నీ పొరుగువాడు నీ దేవుని మాటను నమ్మును.

మనుష్యుల నోట్లన్నియు ఒకనాడు చెల్లకపోవును. చిమ్మట తినును, తుప్పు పట్టును, ఆజ్ఞ కొట్టివేయును. అయితే దేవుని వాగ్దానములన్నిటికిని క్రీస్తునందు అవునను జవాబే గలదని అపొస్తలుడైన పౌలు కొరింథీయులకు సాక్ష్యమిచ్చెను. ఆ వాగ్దానము మీద పెట్టిన సంతకము సిరాతో కాదు, సిలువ రక్తముతో పెట్టబడినది. దానికి గడువు దినము లేదు. దానిని మార్చుకొనుటకు దూరపు పట్టణమునకు పోనక్కరలేదు. బీదవాడును ధనవంతుడును ఒక్క వరుసలోనే నిలిచి దానిని పొందవచ్చును. అట్టి మాటను పొందిన మనము, మాట తప్పని ప్రజగా ఈ గోదావరి తీరమున జీవించునట్లు ప్రభువు మనకు సహాయము చేయును గాక. ఆమేన్.